చుక్కాని పట్టిన చేయి

కీడు జరిగిన పిమ్మట మనుష్యుని నోట సాధారణముగా వెలువడు మాటలు రెండు. ఒకటి, "అంతయు దైవికము" అనుట. రెండవది, "అంతయు నా దోషమే" యనుట. మొదటి మాట పలికినవానిని లోకము తప్పించుకొనువాడని శంకించును. రెండవ మాట పలికినవానిని పెద్దమనసు గలవాడని మెచ్చుకొనును. కాని చిత్రమేమనగా, ఈ రెండు వాక్యములకును మొదటి పద మొక్కటే. ఆ "అంతయు" అను పదమునందు దాగియున్న దేమో విచారించి చూచుట అవసరము. ఏలయన, మిత్రునికి తన చేతిమీదుగా గాయము కలిగినప్పుడు ఆ పదమును ఆశ్రయించినవారు పెక్కుమంది చెడిపోయిరి. వారితోపాటు మైత్రియు చెడినది.

ఇందులకు ఒక ఉదాహరణమును ఊహించుకొందము. పుదుచ్చేరి పట్టణమున ఒర్లియంపేట యను పేట కలదు. అది సముద్రమునకు ఆనుకొని యున్నది కాదు. కెరటముల చప్పుడు వినబడదు. బస్సుస్టాండు సందడికి చేరువగా, ఇండ్లు క్రిక్కిరిసి యుండు పేట. అచ్చట ఒకే వీధిలో పుట్టి పెరిగిన ఇరువురు తెలుగువారిని తలచుకొందము. పేర్లతో పనిలేదు. పెద్దవాడు వర్తకుడు. వ్యాపారమున నాలుగు డబ్బులు మిగిలిన పిదప, చిన్ననాటి కోరిక తీర్చుకొనుటకై తెరచాప పడవ నడుపుట నేర్చి, ఒక చిన్న పడవను కొనుక్కొనెను. రెండవవాడు పాఠశాలలో ఉపాధ్యాయుడు. వయస్సున రెండేండ్లు చిన్న. రక్తసంబంధము లేకున్నను బాల్యమునుండియు వర్తకుని "అన్నా" యనియే పిలుచును. సముద్రపు టొడ్డున షికారు చేయుటయే గాని నీటిమీదికి పోయి యెరుగడు.

ఎండకాలమున ఒక శనివారము. "ఎన్నాళ్లనుండియో రమ్మనుచున్నాను. రేపైనను ఒకసారి వచ్చి చూడరా!" అని వర్తకుడు పిలిచెను. ఉపాధ్యాయుడు కొంచెము జంకి, పిదప ఒప్పుకొనెను. ఆదివారము వేకువనే బయలుదేరిరి. ఆ తీరమున వేసవి ఉదయములందు గాలి నేలమీదినుండి సముద్రము వైపునకు వీచును. పడవ దానంతట అదియే పోవుచున్నట్లు సుఖముగా లోపలికి పోయెను. మధ్యాహ్న మగుసరికి నేల కాగి, గాలి దిక్కు మార్చుకొని సముద్రమునుండి ఒడ్డునకు వీవనారంభించును. ఇది అచ్చటి పల్లెకారులకు ప్రతిదినము గడియారము వంటిది. తిరుగు ప్రయాణమున గాలి వెనుకనుండి తరుముచుండెను. కెరటములు పొంగుచుండెను. తెరచాప ఒక ప్రక్కకు పూర్తిగా విచ్చుకొని యుండెను.

పడవ నెరుగనివారికి ఇచ్చట ఒక విషయమును చెప్పవలయును. తెరచాప అడుగు అంచునకు ఒక పొడవైన కొయ్య కట్టబడి యుండును. దాని యొక కొన స్తంభమునకు అతుకబడి, రెండవ కొన ఇటునటు తిరుగుచుండును. గాలి వెనుకనుండి వచ్చుచుండగా చుక్కాని ఏమాత్రము తప్పినను, గాలి చాపయొక్క రెండవ ముఖమును పట్టుకొనును. అప్పుడు చాప, కొయ్య, గాలి బలమంతయు ఒక్క పెట్టున పడవ కడ్డముగా ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు కొట్టును. ఆ మార్గమున తల యున్నచో ఇక చెప్పనక్కరలేదు. అందువలననే పడవ నడుపువాడు బయలుదేరకమునుపే తోడివారికి ఆ కొయ్యను చూపి, "నేను కేక వేయగానే తల వంచవలెను" అని చెప్పి యుంచుట, పడవను మలుపునప్పుడెల్ల ముందుగా కేక వేయుట, సర్వదేశములందును పాటింపబడు నియమము. ఆంధ్రతీరమున పడవకు పెద్దయైన తండేలు కేకకును ఇంతటి విలువయే కలదు. రేవు లేని పుదుచ్చేరి, చెన్నపట్టణముల యొడ్డున, మేకు లేకుండ కొబ్బరిత్రాటితో పలకలను కుట్టిన మసూలా పడవలు శతాబ్దములపాటు సరకులను, మనుష్యులను కెరటములు దాటించి ఓడల కందించినవి. వెనుక నిలిచి పెద్దతెడ్డుతో దారి చూపు తండేలు కేకనుబట్టియే తెడ్లు వేయువారందరు నడచుకొనిరి. అతడు నోరు మెదపని క్షణము పడవకు గండము.

మన వర్తకుడు ఆ కేక వేయలేదు. అంతకుముందు కొయ్యను గురించి చెప్పనును లేదు. ఒడ్డున తెల్లగా కానవచ్చు కట్టడములను చూచు వేడుకతో ఉపాధ్యాయుడు లేచి నిలుచుండెను. అదే క్షణమున వెనుకనుండి ఒక కెరటము పడవను ప్రక్కకు నెట్టెను. చుక్కాని ఒక బెత్తెడు తప్పెను. కొయ్య తిరిగి అతని కుడి కణత మీద కొట్టెను. అతడు ప్రాణములతో ఒడ్డు చేరెను. ఆసుపత్రిలో కపాలపుటెముక చిట్లినదని చెప్పిరి. నెలలు గడచినను తల తిరుగుట పూర్తిగా పోలేదు. కుడిచెవి వినికిడి మరల రాలేదు. తరగతిలో ఆ ప్రక్కన కూర్చున్న పిల్లలు ప్రశ్న అడిగినచో ఆయనకు తెలియదు, పిల్లలు నవ్వుదురు.

ఇంతవరకు జరిగినది ప్రమాదము. విచారింపవలసినది అటుపిమ్మట జరిగినది.

వర్తకుడు మొదటి పదిదినములు ఆసుపత్రిని విడువలేదు. ఖర్చంతయు తానే పెట్టుకొనెను. వచ్చినవారి కెల్ల, "అంతయు నా దోషమే, నేనే వానిని ఈ గతికి తెచ్చితిని" అని కన్నీరు పెట్టుకొనెను. పడవను అయినకాడికి అమ్మివేసెను. ఇక సముద్రము మొగము చూడనని ఒట్టు పెట్టుకొనెను. చూచినవా రందరును, ఎంతటి మెత్తని హృదయమని అనుకొనిరి. కాని మిత్రుడు ఇల్లు చేరిన తరువాత అతని రాకపోకలు తగ్గినవి. మొదట వారమునకు ఒకసారి, పిదప పండుగకు ఒకసారి, ఆపైన లేనే లేదు. ఒకే వీధివా డయ్యును ఆ గుమ్మము ముందునుండి పోవలసి వచ్చునని వెనుక సందునుండి చుట్టు తిరిగి పోసాగెను. ఉపాధ్యాయుని భార్య, "బావగారు ఈ వారమైనను రాలేదే" యని అడుగును. ఉపాధ్యాయుడు, "పని యొత్తిడి యేమో" యనును.

ఈ ఉపాధ్యాయుని సంగతియు కొంచెము చూడవలసియే యున్నది. పరామర్శకు వచ్చినవారితో అతడు, "ఎవ్వరేమి చేయగలరు? నా వ్రాత" యని శాంతముగా చెప్పును. దానిని వారు వైరాగ్యమనుకొందురు. రాత్రి నిద్రపట్టక పొరలునప్పుడు మాత్రము అతనికి వచ్చు ఆలోచన వేరు: "ఒక్క కేక, ఒక్కటంటే ఒక్కటి, ఎందుకు వేయలేదు?" ఈ ప్రశ్న అతనికి తెలియును. వర్తకునికిని తెలియును. ఇరువురిలో నెవ్వరును దానిని ఇంతవరకు పైకి అనలేదు. ఒకడు "అంతయు నా దోషము" అను మాటతోను, మరియొకడు "అంతయు నా వ్రాత" యను మాటతోను ఆ చిన్న ప్రశ్నను కప్పివేసిరి.

"వ్రాత" యను మాటను ముందుగా పరీక్షింతము. దైవమును నమ్మువాడు దైవమును పేర్కొనుట తప్పుగాదు. కాని ఎప్పుడు పేర్కొనుచున్నాడు? శ్రీరామకృష్ణులు చెప్పిన తోటమాలి బ్రాహ్మణుని కథ అందరికిని తెలిసినదే. తోటలో జొరబడిన ఆవును కొట్టి చంపిన ఆ బ్రాహ్మణుడు, చేతికి అధిదేవత ఇంద్రుడు గనుక గోహత్య ఇంద్రునిదే యని వాదించెను. ముసలి బ్రాహ్మణుని వేషమున ఇంద్రుడే వచ్చి, ఈ చెట్లు నాటిన దెవరు, ఈ బాటలు వేసిన దెవరని అడుగగా, అన్నియు తానే చేసితినని మురిసిపోయెను. పూలు తనవి, హత్య ఇంద్రునిది! మన వర్తకుడు ఇట్టివాడు కాడు. అతడు పాప మంతయు తన నెత్తి మీదనే వేసికొనెను. అట్లయినచో అతడు ఆ బ్రాహ్మణునికంటె మేలైనవాడు గదా యని తోచవచ్చును. మేలైనవాడే. అయినను అతని మాటయందు కూడ ఒక లెక్కతప్పు ఉన్నది.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానమైన దేహము, కర్త, నానావిధములైన కరణములు, వేరువేరు చేష్టలు, ఐదవదిగా దైవము. ఇన్ని కూడినగాని ఏ పనియు జరుగదు. అందువలన కేవలమైన ఆత్మనే కర్తగా చూచువాడు సరిగా చూచినవాడు కాడని భగవానుడు వెంటనే చెప్పును. శుద్ధాత్మ అకర్త యను అర్థమున పెద్దలు దీనిని వ్యాఖ్యానించిరి. ఆ ఎత్తునకు అందరును ఎక్కలేరు. కాని ఎక్కకమునుపే, నేలమీద నిలిచి చూచువానికి కూడ ఈ లెక్క యెంతయో ఉపకరించును. ఆ ఆదివారమునకు దీనిని అన్వయింపుడు. లేచి నిలుచున్న దేహ మొకటి. చుక్కాని పట్టినవా డొకడు. చుక్కాని, త్రాడు, కొయ్య కరణములు. మలుపుట, లేచుట, వేయవలసిన కేక వేయకుండుట చేష్టలు. వెనుకనుండి వచ్చిన కెరటము, మధ్యాహ్నపు గాలి ఎవరి యధీనమునను లేనివి. ఇన్నిటిని ఒక్క "నేను" మ్రింగివేసినప్పుడు అది వినయమా? గాలిని కూడ నేనే వీచితి ననుట వంటిది గదా! సృష్టికర్తృత్వమును మెచ్చుకోలు కొరకు గాక నింద కొరకు పైన వేసికొనుటయే ఇందు భేదము. అహంకారము కిరీటమునే కోరునని మన మనుకొందుము. కిరీటము దొరకనప్పుడు అది ముండ్లపొదను కూడ నెత్తిన పెట్టుకొని ఊరేగును.

ఇట్లు ఐదుగురికి పంచినచో కర్త భాగము అయిదింట నొకటియై, అతడు తేలికగా బయటపడును గదా యని కొందరు ఆక్షేపింతురు. ఇది మిఠాయి పంపకము కాదు. గాలిది గాలికి, కెరటముది కెరటమునకు విడిచిన పిమ్మట మిగిలిన ఆ చిన్న భాగము పూర్తిగా అతనిదే యగును. దానిలో ఇంకెవరికిని వాటా లేదు. "అంతయు నా దోషమే" యన్నంత కాలము అతనికి ఆ భాగమును వేరుచేసి చూచు అవసరము కలుగలేదు. వేరుచేసి చూచినచో ఏమి కనబడును? కొయ్యను గురించి తెలిసియు చెప్పలేదు. ఏల చెప్పలేదు? మరచిపోయెనా? మరువలేదు. బయలుదేరునప్పుడు నాలుకచివర దాక వచ్చినది. కాని మిత్రు డసలే జంకుచున్నాడు. ప్రమాదముల జాబితా చదివినచో వెనుదిరుగునేమో. అదిగాక అంత చక్కగా పడవ నడపగల తనకు ఆ హెచ్చరికతో పనియేమి యను చిన్న గర్వ మొకటి. ఇదియే అతని భాగము. ఆవగింజంత. కాని దీనిని నోటితో చెప్పుట, "నేను మహాపాపిని" యని పదిమందిలో ఏడ్చుటకంటె ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలియును. మహాపాపి యన్నచో నలుగురు ఓదార్తురు. "గొప్పకు పోయి చెప్పలేదు" అన్నచో ఎవ్వరును ఓదార్చరు. నిజమే యని తల యూపుదురు.

న్యాయస్థానములు హృదయములను శోధింపవు; అయినను ఈ వేరుచేసి చూచు పని వానికి నిత్యకృత్యము. 1966 మే 7, ఒక శనివారము. కెనడాలోని ఒంటారియో సరస్సున "ఒగొపోగో" యను విహారపడవ (అది యంత్రముతో నడచునది) యజమానితోను, అతని అతిథులతోను తిరిగి వచ్చుచుండెను. ఒక అతిథి కాలుజారి మిక్కిలి చల్లని నీటిలో పడెను. యజమాని పడవను త్రిప్పి ముందుమొగముగా పోవుటకు మారుగా, యంత్రమును వెనుకకు నడిపి అతనిని చేరజూచెను. ప్రయత్నము ఫలింపలేదు. నిమిషములు గడచుచుండగా మరియొక అతిథి ఆగలేక నీటిలోనికి దూకెను. ఆ ఇరువురును మరణించిరి. రక్షింపబోయి మరణించినవాని కుటుంబము వ్యాజ్యము వేయగా, మొదటి న్యాయమూర్తి యజమానిది అజాగ్రత్త యనిరి. పై న్యాయస్థానము కాదనినది. 1971లో కెనడా సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండి, ముగ్గురు ఒక వైపునను, ఇరువురు మరియొక వైపునను తీర్పు చెప్పిరి. తరువాత ప్రధాన న్యాయమూర్తియైన బోరా లాస్కిన్ ఆ ఇరువురిలో ఒకరు. వెనుకకు నడపుట పొరపాటే గాని, ఆపద తొందరలో చేసిన అట్టి నిర్ణయమును అజాగ్రత్త యనరాదని ఎక్కువమంది అభిప్రాయము, దావా వీగిపోయెను.

ఇందు గమనింపదగినది తీర్పుకాదు. ఆ మేధావు లెవ్వరును "పిలిచినవాడు నీవు గనుక అంతయు నీదే" యనియు అనలేదు, "నీళ్లపాలు, ఏమి చేయగలము" అనియు అనలేదు. పడవకు అతిథిని పిలిచినవానికి, ఆ అతిథి నీటిలో పడినప్పుడు కాపాడ యత్నించు బాధ్యత కలదని అంగీకరించి, ఆ పిమ్మట ఒక్క విషయమునే పట్టుకొనిరి: ఆ నిమిషములందు ఆ చేయి యంత్రమును ఏ దిక్కునకు నడిపినది, అది ఎట్టి తప్పు? ఐదుగురును ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. మనుష్యుడు తనను గురించి తాను ఒక్క రాత్రిలో తీర్పు చెప్పుకొని, మరునాటినుండి దానికి శిక్ష అనుభవించుచుండుట ఎంత తొందరపాటు! అందును శిక్ష తన కని తలచుచున్నాడు గాని, మిత్రుని ఇంటికి పోకుండుట అను ఆ శిక్షలో సగమునకు మించి అనుభవించువాడు ఆ మిత్రుడే.

తప్పును నడచివెళ్లి చెప్పిన వాని కథ మన రామాయణముననే యున్నది. యువరాజైన దశరథుడు చీకటిలో సరయూతీరమున కడవ నిండు చప్పుడు విని, ఏనుగని తలచి బాణము విడిచెను. కొట్టినది గ్రుడ్డితల్లిదండ్రుల కొక్క ఆధారమైన మునికుమారుని. లోకము అతనిని శ్రవణకుమారుడని పిలుచును. అడవిలో చూచినవారు లేరు. రాజకుమారుని అడుగువారును లేరు. దశరథుడు ఆ కడవనే నీటితో నింపుకొని, చనిపోయినవాని త్రోవనుబట్టి పోయి ఆ వృద్ధుల యెదుట నిలిచెను. అడుగుల చప్పుడు విని కుమారుడే వచ్చెనని తండ్రి పలుకరించెను. ఆ పలుకరింపునకు ప్రత్యుత్తర మిచ్చుట ఎంతటి సాహసమో! "నేను నీ కుమారుడను గాను" అని మొదలుపెట్టి, చప్పుడు వినుట, ఏనుగని భ్రమించుట, బాణము వేయుట, జరిగినది జరిగినట్లు చెప్పెను. తాను మహాపాపి నని ఏడ్చి వారి మీద తన దుఃఖమును కూడ మోపలేదు. నీవే వచ్చి చెప్పకున్నచో నీ తల నూరువేల వ్రక్కలై యుండునని ఆ ముని చెప్పినట్లు వాల్మీకి వ్రాసెను. శాపము తప్పలేదు. తప్పు చెప్పుకొన్నవానికి ఫలము తప్పునని మన పురాణము లెన్నడును ఆశ పెట్టలేదు. వృద్ధులను కుమారుని శవము కడకు చేయి పట్టి తీసికొనిపోయినవాడును దశరథుడే.

ఈ కథలో మరియొక భాగమును ఎవరును అంతగా పట్టించుకొనరు. దశరథుడు ఆ వృద్ధులకు చెప్పెను గాని, ఇంటికి వచ్చి ఎవ్వరికిని చెప్పలేదు. రాముడు అడవికి పోయిన యారవ రాత్రి, అర్ధరాత్రమున, కౌసల్య ప్రక్కన పడియుండి మొదటిసారి చెప్పెను. ఆ రాత్రియే మరణించెను. అన్నేండ్లు ఆ మాట ఆయన లోపల ఏమి చేయుచుండెనో! రాజ్యము, యజ్ఞములు, నలుగురు కుమారుల ముచ్చటలు, వీని యన్నింటి క్రిందను ఆ కడవ నిండు చప్పుడు వినబడుచుండెనేమో. చెప్పవలసినవారి కందరికిని చెప్పని మాట పోదు.

గాయపడినవాని కేమి కావలయును? తీర్పు కాదు. ఎవరో ఒకరు తనవద్దకు వచ్చుట. 2018 సెప్టెంబరు 21న భారత నౌకాదళ కమాండరు అభిలాష్ టోమీ ఒంటరిగా భూమిని చుట్టివచ్చు గోల్డెన్ గ్లోబ్ పందెమున దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో చిక్కుకొనెను. పడవ బోర్లపడి, స్తంభము విరిగి, వెన్నుపూసకు పెద్ద దెబ్బ తగిలి కదలలేని స్థితిలో పడియుండెను. పందెమున అతనికి పోటీదారైన ఐర్లండు నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్ పడవకు కూడ అదే తుపానులో స్తంభములు విరిగినవి. అయినను అతడు తాత్కాలికముగా ఒక చాప నమర్చుకొని, అభిలాష్ ఉన్న దిక్కునకు పడవను మరల్చెను. మూడవ దినమున ఫ్రెంచివారి ఓడ "ఒసిరిస్" అభిలాష్‌ను ముందుగా చేరి రక్షించెను. పిదప మెక్‌గకిన్‌ను కూడ ఎక్కించుకొనెను. మన యుద్ధనౌక "సాత్పురా" అభిలాష్‌ను ఆమ్‌స్టర్‌డాం ద్వీపమునుండి విశాఖపట్టణమునకు తెచ్చెను. వెన్నున లోహపు కడ్డీలు వేయించుకొన్న ఆయన అదే పందెమున మరల పాల్గొని 2023 ఏప్రిలులో రెండవవాడుగా ముగించెను.

ఇచ్చట దోషి యెవడును లేడు. విచారణకు తావు లేదు. మెక్‌గకిన్ ఆ గాయమునకు కారణము కాడు, ఋణపడినవాడును కాడు, తన పడవయే కుంటుచుండెను. అయినను బయలుదేరెను. తాను చేరకమునుపే వేరొకరు చేరిరి గనుక అతని ప్రయాణము వ్యర్థమని ఎవరైన అందురా? సముద్రమున పడియున్నవానికి తన దిక్కునకు ఒక చాప తిరిగినదని తెలియుటయే ఎంత! ఇటు మన వర్తకునికి కాళ్లు చేతులు చక్కగా నున్నవి. తుపాను లేదు. మధ్యనున్నది సముద్రము కాదు, ఒక వీధిలో పది పదునైదు గుమ్మములు. పశ్చాత్తాపముతో నిండినవానికే ఆ దూరము దాటరానిదైనది. పశ్చాత్తాపము లేనివాడు ఈపాటికి పోయి, కాఫీ త్రాగి, రాజకీయములు మాట్లాడి వచ్చియుండును. అది మంచిదని కాదు. కాని ఉపాధ్యాయుని గుమ్మము అంతకంటె ఎక్కువ ఖాళీగా ఉన్నదనుట నిజము.

అతడు పోలేకపోవుటకు కారణము సిగ్గు. ఆ సిగ్గును పరిశీలించినచో, మిత్రుని మొగము చూచునప్పుడు తనకు కలుగు బాధను తప్పించుకొనుటయే అందు ముఖ్యమని తెలియును. మిత్రుని చెవి, మిత్రుని తల తిరుగుట, తరగతిలోని నవ్వులు, ఇవన్నియు క్రమముగా అతనికి తన బాధయొక్క కథలో భాగములైపోయినవి. గాయ మొకరిది, దుఃఖమునకు యజమాని మరియొకరు. పడవ అమ్మివేయుటయు ఇట్టిదే. ఉపాధ్యాయుడు పడవ అమ్మమని అడిగెనా? లేదు. ఆ పడవ యుండుటవలన గాని, పోవుటవలన గాని అతని చెవికి ఒరిగిన దేమియు లేదు. ఆ త్యాగము చూచుటకు ఘనముగానే యున్నది. అడిగినవారు లేని త్యాగమున ఒక సౌకర్యము కలదు, దానిని మనకు నచ్చిన రీతిని చేయవచ్చును. మిత్రుడు కోరునది యేమో తెలిసికొనుటకు పోయినచో అది మనకు నచ్చనిదై యుండవచ్చును. కోపము కావచ్చును. "ఒక్క కేక ఎందుకు వేయలేదన్నా?" అను ప్రశ్న కావచ్చును.

ఆ ప్రశ్న వచ్చునని అతనికి తెలిసియే యున్నది. వచ్చినప్పుడు జవాబును ఉన్నది, నాలుగు మాటలు. "కొయ్య సంగతి నాకు తెలియును. చెప్పినచో నీవు రావేమో యని చెప్పలేదు. నాకు అవసరము లేదనియు అనుకొంటిని." ఇందు "మహాపాపి" లేదు, విధి లేదు, గాలి లేదు. వినువాడు దానికి క్షమాపణ ఇచ్చునో ఇయ్యడో అది అతని యిష్టము, దశరథునికి దొరకలేదు. అసలు ఉపాధ్యాయునికి కూడ విప్పుకొనవలసిన మూట యొకటి ఉన్నది. "నా వ్రాత" యని పదిమందితో పలికిన శాంతమును అతడు ఆ క్షణమున విడువవలసియుండును. ఒక్కసారి గట్టిగా కోపగించుకొనవలసియు రావచ్చును. తాను లేచి నిలుచుండిన మాటను కూడ అప్పుడేమైన తలచుకొనునేమో. ఆ మాట అతనంతట అతడు అనవలసినదే గాని వర్తకుడు గుర్తుచేయవలసినది కాదు.

ఇవన్నియు ఎప్పుడు జరుగును? ఒక సాయంకాలము వర్తకుడు వెనుక సందున పోక, తిన్నగా ఆ గుమ్మము ఎక్కినప్పుడు. లోపల ఉపాధ్యాయుడు పిల్లల పుస్తకములు దిద్దుకొనుచుండును. వచ్చినవాడు అలవాటు చొప్పున బల్లకు కుడిప్రక్కన కూర్చుండి, ఎన్నో నెలలుగా మనస్సున కూర్చుకొన్న మాటలను మెల్లగా మొదలుపెట్టును. ఆ మాటలు అవతలివానికి వినబడవు. అతడు పుస్తకమునుండి తల యెత్తి, కుర్చీని కొంచెము జరుపుకొని, ఎడమచెవిని వానివైపునకు త్రిప్పి, "ఏమంటివి అన్నా, మరల చెప్పు" మనును.